నంబర్ల పద్దు రాసిన మనిషి – జాన్ పోస్టెల్



ప్రతి సంచికలోనూ ఒక గొప్ప వ్యక్తి జీవితం గురించి రాసుకోవడం మన ఆనవాయితీ. ఈసారి మేము ఎంచుకున్న పేరు జాన్ పోస్టెల్. కంప్యూటర్ల రంగంలో పనిచేసే వాళ్లకు ఇది ఇంట్లో మనిషి పేరులాంటిది. మన డార్మిటరీ గోడల మీద మాత్రం ఈయన ఫోటో ఎప్పుడూ లేదు. ఎందుకు ఎంచుకున్నామో చెప్పాలంటే ముందు మన సొంత కథ ఒకటి చెప్పాలి.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు హాస్టల్‌ను అద్దె ఇంట్లోంచి కొత్త భవనంలోకి మార్చారు. దూరం రెండు కిలోమీటర్లే. ట్రాక్టరు మాట్లాడారు. మొదటి రోజు పొద్దున్నే వంట పాత్రలు వెళ్లిపోయాయి, బియ్యం బస్తాలు మాత్రం పాత ఇంట్లోనే ఉన్నాయి. ఆ రాత్రి అటుకులతో సరిపెట్టుకున్నాం. ట్రంకు పెట్టెలు ఎవరివి ఎక్కడ దించారో తెలియక రెండు రోజులు వెతుక్కున్నాం. అటెండెన్స్ రిజిస్టరు ఒకటి దారిలో ఎక్కడో పోయింది. ఆ రిజిస్టరు లేనందువల్ల మాలో ఇద్దరికి ఆ నెల కాస్మెటిక్ చార్జీలు రాలేదు. చూడటానికి చిన్న విషయమే. కానీ ఒక పేరు పద్దులో లేకపోతే ఆ మనిషే లేనట్టు లెక్క అని మాకు అప్పుడే అర్థమయింది.

తర్వాత చాలా ఏళ్లకు మాలో కొందరం హైదరాబాదులో సర్వర్లు చూసుకునే ఉద్యోగాల్లో చేరాం. అక్కడ రోజూ జరిగే పని ఒకటి చూసి ఆశ్చర్యపోయాం. నడుస్తున్న కంప్యూటర్‌ను ఆపకుండా ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రంలోకి మారుస్తారు. దాన్ని వాడుకుంటున్న మనిషికి మారిన సంగతే తెలియదు. హాస్టల్ మార్పు గుర్తొచ్చి నవ్వుకున్నాం. ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకుంటూ వెనక్కి వెళ్లగా వెళ్లగా, దాని పునాదిలో ఉన్న కాగితాల మీద మళ్లీ మళ్లీ కనబడిన పేరే జాన్ పోస్టెల్.

బాల్యం, చదువు

జాన్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఆల్టడీనాలో పుట్టారు. లాస్ ఏంజెలెస్ నగరం పక్కన ఉన్న ఊరు అది. వాన్ నైస్ హైస్కూల్లో చదివారు. తర్వాతి కాలంలో ఇంటర్నెట్ నిర్మాతలుగా పేరుపొందిన వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ బడిలో చదివినవాళ్లే. ఒకే బడి నుంచి ముగ్గురు రావడం విశేషమే. తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి 1966లో ఇంజనీరింగ్ డిగ్రీ, 1968లో పీజీ పూర్తిచేశారు. 1974లో కంప్యూటర్ సైన్సులో డాక్టరేటు పొందారు. ఆయన పరిశోధన విషయం కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలే. ఆ నియమాలనే ప్రోటోకాల్ అంటారు.

ప్రోటోకాల్ అంటే భయపడనక్కర లేదు. మన హాస్టల్లో గంట ఒకసారి కొడితే స్టడీ అవర్, రెండుసార్లు కొడితే భోజనం. అది ఎవరూ రోజూ వివరించరు. కొట్టేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఇద్దరి మధ్య ముందే కుదిరిన ఆ ఒప్పందమే ప్రోటోకాల్. ఆ ఒప్పందం లేకపోతే గంట ఉత్త చప్పుడే.

విద్యార్థులే రాసిన నియమాలు

1969లో అమెరికా రక్షణ శాఖకు చెందిన పరిశోధన సంస్థ డబ్బుతో ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వల మొదలైంది. దాని మొదటి కేంద్రం పోస్టెల్ చదువుతున్న విశ్వవిద్యాలయమే. ఆచార్య లెనార్డ్ క్లైన్‌రాక్ ప్రయోగశాలలో స్టీవ్ క్రాకర్, వింట్ సెర్ఫ్, జాన్ పోస్టెల్ పరిశోధక విద్యార్థులుగా ఉన్నారు. 1969 అక్టోబరు 29 రాత్రి అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశం వెళ్లింది. లాగిన్ అని కొట్టబోతే రెండు అక్షరాలు చేరగానే అవతలి యంత్రం ఆగిపోయింది. ఇంతటి ఇంటర్నెట్‌కూ మొదటి రోజు అలా గడిచింది. మన మొదటి ప్రయత్నం సగంలో ఆగినప్పుడు ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి.

ఆ విద్యార్థులకు హోదా లేదు. నియమాలు రాయమని పై నుంచి ఉత్తర్వులు రాలేదు. పెద్దలెవరైనా వచ్చి రాస్తారని కొంతకాలం ఎదురుచూశారు. ఎవరూ రాకపోయేసరికి తామే రాయడం మొదలుపెట్టారు. అయితే ఆజ్ఞలు జారీ చేస్తున్నట్టు కనబడకూడదని, అభిప్రాయాలు చెప్పమని కోరే పత్రాలుగా వాటికి పేరు పెట్టారు. ఇంగ్లీషులో ఆ పేరులోని మొదటి అక్షరాలే ఆర్.ఎఫ్.సి. మొదటి ఆర్.ఎఫ్.సి. ని 1969 ఏప్రిల్ 7న స్టీవ్ క్రాకర్ రాశారు. ఆ పత్రాలను సరిచూసి, నంబరు వేసి, అందరికీ అందేలా చూసే సంపాదకుని బాధ్యత పోస్టెల్ మీద పడింది. ఆ బాధ్యతను ఆయన చనిపోయేదాకా, అంటే దాదాపు ముప్ఫై ఏళ్లు మోశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మాలో ఒకరు డిగ్రీలో చేరినప్పుడు ఆ కాలేజీలో కంప్యూటర్ గది ఉండేది. గదికి తాళం, యంత్రానికి గుడ్డ కవరు. ముట్టుకుంటే పాడవుతుందని చెప్పి మా హాస్టల్ పిల్లల్ని గుమ్మం దగ్గరే ఆపేవారు. పుస్తకం కొందామంటే ధర మా నెల మెస్ చార్జీ కంటే ఎక్కువ. చివరికి ఇంటర్నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలు కట్టి వెతికితే దొరికినవి ఈ ఆర్.ఎఫ్.సి.లు. వీటికి వెల లేదు, తాళం లేదు. ఎవరు నువ్వు, ఎక్కడ చదివావు అని అడిగే వాచ్‌మన్ లేడు. ప్రపంచం మొత్తం ఏ నియమాల మీద నడుస్తోందో ఆ నియమాల పూర్తి పాఠం మా ముందు ఉంది. దాన్ని అలా తెరిచి ఉంచాలని పట్టుబట్టిన మనుషుల్లో పోస్టెల్ ముఖ్యులు. ఆయన జీవితం మనకు ఎందుకు సంబంధించినదో ఇంతకంటే వేరే చెప్పక్కర లేదు.

ఎవరూ అడగని పని

వలలో కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఒక చిక్కు వచ్చింది. ఒకే యంత్రంలో ఉత్తరాల పని, ఫైళ్ల పని, ఇలా ఎన్నో పనులు జరుగుతాయి. బయటి నుంచి వచ్చిన సందేశం ఏ పనికి సంబంధించినదో తెలియాలంటే ప్రతి పనికీ ఒక నంబరు ఉండాలి. ఆ నంబరు అన్నిచోట్లా ఒకటే అయి ఉండాలి. రెండు పనులకు ఒకే నంబరు పడితే గందరగోళమే. 1972 మే నెలలో పోస్టెల్ 349వ ఆర్.ఎఫ్.సి. రాసి, ఈ నంబర్లకు ఒక పద్దు ఉండాలని, దాన్ని ఒకరు చూసుకోవాలని ప్రతిపాదించారు. ఆ ఒకరు తానే అయ్యారు. నేటికీ ఈమెయిలుకు 25, వెబ్ పేజీలకు 80, ఫైళ్ల బదిలీకి 21 అనే నంబర్లు ఆ పద్దులోవే.

పేరు తెచ్చే పని కాదది. రిజిస్టరు రాసేవాడి పని. కానీ రిజిస్టరు తప్పితే ఏమవుతుందో మనకు తెలుసు కదా! పోస్టెల్ ఆ పద్దును అంత నమ్మకంగా రాశారు కాబట్టే, కొత్తగా ఏదైనా కనిపెట్టిన ప్రతివాడూ నంబరు కోసం ఆయన దగ్గరికే వచ్చేవాడు. పెరిగి పెద్దదైన ఆ పనికి తర్వాత ఒక పేరు కూడా వచ్చింది. దాన్నే ఐ.ఎ.ఎన్.ఎ. అంటారు. పేరు వింటే పెద్ద కార్యాలయం అనిపిస్తుంది. చాలాకాలం అందులో ఉన్నది పోస్టెల్, ఆయనతోపాటు పనిచేసిన జాయిస్ రేనాల్డ్స్ వంటి కొద్దిమంది మాత్రమే.

కొన్నాళ్లు వేరే సంస్థల్లో పనిచేసి 1977 మార్చిలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. మరీనా డెల్ రే అనే సముద్రతీర ప్రాంతంలో ఉంది ఆ సంస్థ. పొడవాటి గడ్డం, కాళ్లకు చెప్పులు, నిరాడంబరమైన వేషం. సెలవు దొరికితే వీపున సంచి వేసుకుని కొండల్లో నడవడం ఆయనకు ఇష్టం. మిగిలిన జీవితమంతా ఆ సంస్థలోనే గడిపారు.

ఒక్క నియమాన్ని రెండు చేసిన వేళ

వేర్వేరు వలలను కలిపి ఒకే వలలా నడిపే పద్ధతిని 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ప్రకటించారు. దాని పేరు టి.సి.పి. మొదట్లో అన్ని పనులూ అదొక్కటే చేసేది. 1977 ఆగస్టులో పోస్టెల్ ఒక విమర్శ పత్రం రాసి, ఇది పొరపాటు దారి అని స్పష్టంగా చెప్పారు. దారి చూపించే పని వేరు, సరుకు భద్రంగా చేరిందా లేదా చూసే పని వేరు, రెంటినీ ఒకేచోట కలపవద్దు అన్నది ఆయన వాదన. ఇతరులూ అదే మాట అన్నారు. 1978లో దాన్ని రెండుగా విడదీశారు. దారి చూసేది ఐ.పి., భద్రత చూసేది టి.సి.పి.

తమ్ముళ్లకు అర్థమయ్యేలా చెబుతాం. మీ అన్న హైదరాబాదు నుంచి వంద పేజీల నోట్సు పంపాలనుకున్నాడు. పేజీకొక కవరు చొప్పున వంద కవర్లు పోస్టులో వేశాడు. పోస్టుమాన్ పని కవరు మీది అడ్రసు చూసి చేర్చడం. ఒకటి పోవచ్చు, ఒకటి ముందు రావచ్చు, ఒకటి వెనక రావచ్చు. పోస్టుమాన్‌కు దాంతో పని లేదు. అది ఐ.పి. అయితే అన్న ప్రతి కవరు మీద వరుస నంబరు వేశాడు. మీరు అందినవాటి నంబర్లు తిరిగి రాస్తున్నారు. ఫలానా నంబరు అందినట్టు జవాబు రాకపోతే అన్న మళ్లీ పంపుతాడు. మీ దగ్గర పెట్టుకునే చోటు తక్కువుంటే కాస్త ఆగి పంపమంటారు. చివరికి వంద పేజీలూ వరుసలో పుస్తకమవుతాయి. అది టి.సి.పి.

రెండుగా విడదీయడం వల్ల లాభమేమిటంటే, నష్టాన్ని భరించగల పనులకు రెండో పొర బరువు మోయనక్కర లేదు. మాట్లాడే గొంతు లాంటివాటికి ఒక ముక్క పోయినా ఫరవాలేదు కానీ ఆలస్యం పనికిరాదు. అలాంటివాటి కోసం పోస్టెల్ 1980 ఆగస్టులో యు.డి.పి. అనే చిన్న ప్రోటోకాల్ రాశారు. మొత్తం మూడు పేజీలు. ఈనాటికీ అది పనిచేస్తోంది.

1981 సెప్టెంబరులో ఆయన సంపాదకత్వంలో వరుసగా మూడు పత్రాలు వచ్చాయి. 791 ఐ.పి., 792 ఐ.సి.ఎం.పి., 793 టి.సి.పి. 1982 ఆగస్టులో ఈమెయిలు పంపే పద్ధతి మీద 821వ పత్రం స్వయంగా రాశారు. 793వ పత్రాన్ని 2022 ఆగస్టులో 9293వ పత్రంతో భర్తీ చేశారు. నలభై ఏళ్లకు పైగా ఒక పత్రం ప్రపంచాన్ని మోసిందంటే అది మాటలు కాదు.

ఫైళ్ల బదిలీ చరిత్రలో మన దేశస్థుడి పేరు కూడా ఉంది. ఎఫ్.టి.పి. మొదటి రూపాన్ని 1971 ఏప్రిల్‌లో 114వ ఆర్.ఎఫ్.సి.గా రాసినవారు అభయ్ భూషణ్. కాన్పూరు ఐ.ఐ.టి. మొదటి బ్యాచ్ విద్యార్థి ఆయన. దాని స్థిరపడిన రూపాన్ని 1985 అక్టోబరులో 959వ పత్రంగా పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ రాశారు. అందులో ఒక మంచి ఆలోచన ఉంది. మాటలకు ఒక దారి, సరుకుకు ఒక దారి. ఏ ఫైలు కావాలి, ఎక్కడ పెట్టాలి అనే మాటలు ఒక దారిలో వెళతాయి, అసలు ఫైలు ఇంకో దారిలో వెళుతుంది. బదిలీ మధ్యలో తెగిపోతే గుర్తు పెట్టుకున్న చోటు నుంచి తిరిగి మొదలుపెట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది.

వల మొత్తాన్ని మార్చిన రోజు

ఆర్పానెట్‌లో అంతవరకు వాడుతున్న పాత ప్రోటోకాల్ పేరు ఎన్.సి.పి. దాన్ని తీసేసి అన్ని యంత్రాలనూ టి.సి.పి./ఐ.పి.లోకి మార్చాలి. కొన్ని వందల కంప్యూటర్లు, వేర్వేరు ఊళ్లు, వేర్వేరు యజమానులు. దీనికి ప్రణాళికను 1981 నవంబరులో 801వ పత్రంగా పోస్టెల్ రాశారు. ఒక ఏడాదిపాటు రెండూ నడవాలి. పాతది మాత్రమే తెలిసినవాడికీ, కొత్తది మాత్రమే తెలిసినవాడికీ మధ్య ఉత్తరాలు, ఫైళ్లు అందించే మధ్యవర్తి యంత్రాలు ఉండాలి. గడువు 1983 జనవరి 1.

చాలామంది పట్టించుకోలేదు. అప్పుడు 1982 మధ్యలో ఒక రోజు పాతదాన్ని ఆపి చూపించారు. ఆ తర్వాత కొన్ని నెలలకు రెండు రోజులు ఆపారు. గడువు నిజమేనని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. అనుకున్న రోజున మార్పు జరిగింది. కొన్ని కేంద్రాలు ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ఇబ్బంది పడ్డాయి. అయినా వల నిలిచింది. మా హాస్టల్ మార్చినప్పుడు ఒక్క రోజయినా రెండు చోట్లా పొయ్యి వెలిగి ఉంటే బాగుండేదని ఈ పత్రం చదివినప్పుడు అనుకున్నాం.

నడిచే యంత్రాన్ని మోసుకెళ్లడం

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వద్దాం. ఒక పెద్ద యంత్రంలో సాఫ్టువేరు సాయంతో అనేక కంప్యూటర్లు ఉన్నట్టు ఏర్పాటు చేయవచ్చు. వీటిని వర్చువల్ మెషీన్లు అంటారు. అద్దె భవనంలో నడిచే హాస్టల్ అనుకోండి. భవనం మారినా హాస్టల్ అదే. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఆపకుండా మార్చే పద్ధతి మీద 2005లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు రాసిన పరిశోధన పత్రం ప్రసిద్ధి పొందింది. ఒక ఆటల సర్వర్‌ను మార్చినప్పుడు అది ఆగిన కాలం కేవలం 60 మిల్లీ సెకండ్లు. రెప్పపాటు కూడా కాదు.

అదెలాగంటే, యంత్రం పాతచోట పనిచేస్తుండగానే దాని జ్ఞాపకంలోని పేజీలన్నీ కొత్తచోటుకు పంపుతారు. పంపుతుండగా కొన్ని పేజీలు మారిపోతాయి. మారిన వాటిని మాత్రమే రెండోసారి పంపుతారు. అంతలో ఇంకొన్ని మారతాయి, వాటిని మూడోసారి పంపుతారు. ప్రతి విడతలోనూ మిగిలేది తగ్గుతుంది. చివరికి కొంచెమే మిగిలినప్పుడు ఒక్క క్షణం యంత్రాన్ని ఆపి, ఆ మిగిలినది, దాని స్థితితో సహా పంపి, కొత్తచోట లేపుతారు. ఇకనుంచి ఈ అడ్రసు ఇక్కడ ఉంటుందని వలకు చాటుతారు.

ఇలాంటి బదిలీకి నియమాలు రాసేవాడు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మోసే వేగం కంటే మారే వేగం ఎక్కువైతే ఏం చేయాలి? అప్పుడు విడతలు ఎన్ని తిరిగినా పని తెమలదు, ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. దారి మధ్యలో తెగితే ఏం చేయాలి? అవతల పూర్తిగా అందిందని జవాబు వచ్చేదాకా ఇవతలిది చెరపకూడదు. ఒకేసారి రెండుచోట్లా లేస్తే ఏమవుతుంది? ఒకే పేరుతో ఇద్దరు హాజరు పలికినట్టవుతుంది. అది జరగనివ్వకూడదు. వరుస నంబరు, అందినట్టు జవాబు, అందకపోతే మళ్లీ పంపడం అనే మొదటి బరువును సాధారణంగా టి.సి.పి.యే మోస్తుంది. పోస్టెల్ ఈ వర్చువల్ మెషీన్ల బదిలీ చూడలేదు. కానీ ఆయన సరిచూసి అచ్చుకిచ్చిన నియమాల మీదుగానే ఆ సరుకు ప్రయాణం చేస్తోంది.

ఆయన సూత్రం, దాని మీద వాదన

పోస్టెల్ పేరుతో ఒక సూత్రం ప్రసిద్ధి. పంపేటప్పుడు నియమాన్ని ఖచ్చితంగా పాటించాలి, అందుకునేటప్పుడు ఎదుటివారి చిన్న తేడాలను సర్దుకోవాలి అని దాని సారాంశం. 1980లో ఐ.పి. మీద రాసిన 760వ పత్రంలో ఈ ఆలోచన కనబడుతుంది. ఎవరెవరో ఎక్కడెక్కడో తయారుచేసిన యంత్రాలు కలిసి పనిచేయగలిగాయంటే ఈ ఓర్పు ఒక కారణం.

దీన్ని గుడ్డిగా పాటించడం మంచిది కాదనే వాదన కూడా ఉంది. తప్పును సర్దుకుంటూ పోతే అదే అలవాటై, తప్పే నియమంగా స్థిరపడుతుందని, భద్రతకు ముప్పు వస్తుందని 2023లో వచ్చిన 9413వ ఆర్.ఎఫ్.సి. వివరించింది. పోస్టెల్ మాటను విమర్శించే పత్రం పోస్టెల్ పెంచిన వరుసలోనే, ఆయన పత్రాలకు వేసినట్టే నంబరు వేయించుకుని వచ్చింది. ఆ వరుసకు ఆయన వేసిన పద్ధతి ఎంత గట్టిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

పేర్ల విషయం

నంబర్లు మనుషులకు గుర్తుండవు, పేర్లు కావాలి. పోస్టెల్ అప్పగించిన పనిగా ఆ సంస్థలోనే పాల్ మాకపెట్రిస్ 1983లో డి.ఎన్.ఎస్. అనే పేర్ల పద్ధతిని తయారుచేశారు. తర్వాత ప్రతి దేశానికి రెండక్షరాల పేరు ఇవ్వవలసి వచ్చింది. ఏది దేశం, ఏది కాదు అని తీర్పు చెప్పే పని పోస్టెల్ తలకెత్తుకోలేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పట్టికలో ఏ అక్షరాలుంటే అవే అన్నారు. అలా మన దేశానికి 1989లో .ఇన్ వచ్చింది. 1994 మార్చిలో రాసిన 1591వ పత్రంలో, ఇలాంటి పేరును చూసుకునేవారు దాని యజమానులు కారని, ఆ ప్రజల తరఫున ధర్మకర్తలు మాత్రమేనని తెలియజెప్పారు. ఈనాడు తెలుగు లిపిలో .భారత్ కూడా ఆ పేర్ల పట్టికలో ఉంది.

చివరి సంవత్సరం

ఇంటర్నెట్‌లోకి వ్యాపారం వచ్చాక పేర్లకు ధర వచ్చింది. 1995 నుంచి పేరు నమోదుకు రెండేళ్లకు వంద డాలర్లు వసూలు చేయడం మొదలైంది. ఈ పద్దు ఎవరి చేతిలో ఉండాలనే తగవు పెరిగింది. 1998 జనవరి 28న పోస్టెల్ ఒక సాహసం చేశారు. పేర్ల మూల పట్టికను అందించే ప్రధాన సర్వర్లలో ఎనిమిదింటి నిర్వాహకులకు ఈమెయిలు పంపి, ఇకపై ఆ పట్టికను తన సంస్థ యంత్రం నుంచి తీసుకోమని కోరారు. వాళ్లు ఆయన మాట విన్నారు. వాడుకునేవారికి ఏ తేడా తెలియలేదు కానీ అమెరికా ప్రభుత్వం ఉలిక్కిపడింది. అధికారులు అభ్యంతరం చెప్పగా, అది ఒక పరీక్ష మాత్రమేనని చెప్పి వారం రోజుల్లో తిరిగి యథాస్థితికి తెచ్చారు.

ఆయన చేసింది ఒప్పా తప్పా అన్నదానిపై నేటికీ భిన్నాభిప్రాయాలున్నాయి. అంతమంది నమ్మకం ఒకే మనిషి చేతిలో ఉండటం మంచిది కాదని ఆ సంఘటన చూపించిందని కొందరంటారు. మేమూ ఆ మాటను కాదనలేం. మంచివాడి చేతిలో ఉన్న పద్దు రేపు ఎవరి చేతిలోకి పోతుందో తెలియదు. అందుకే ఆ పనిని ఒక సంస్థకు అప్పగించే ఏర్పాట్లలో పోస్టెల్ స్వయంగా పాలుపంచుకున్నారు. 1998 సెప్టెంబరు 30న ఐకాన్ అనే సంస్థ నమోదయింది.

అది ఎదిగే రోజులు చూడటానికి ఆయన లేరు. గుండె కవాటానికి 1991లో ఒకసారి శస్త్రచికిత్స జరిగింది. 1998 అక్టోబరులో మళ్లీ చేయవలసి వచ్చింది. దాని తర్వాత తలెత్తిన ఇబ్బందులతో అక్టోబరు 16న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. వయసు 55 ఏళ్లు. మర్నాడే ఆయన మిత్రుడు వింట్ సెర్ఫ్ రాసిన నివాళిని 2468వ ఆర్.ఎఫ్.సి.గా ప్రకటించారు. పత్రాలకు నంబర్లు వేసిన మనిషి మరణం కూడా ఆ వరుసలో ఒక నంబరు అయింది. 1999 నుంచి ఇంటర్నెట్ సొసైటీ ఆయన పేరిట సేవా పురస్కారం ఇస్తోంది. 2012లో ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

మనకు మిగిలినది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పోస్టెల్ కొత్త యంత్రం కనిపెట్టలేదు. కోట్లు గడించలేదు. ఇంటర్నెట్ ఆయన ఒక్కడి సొత్తూ కాదు, దాని వెనక వేలమంది ఉన్నారు. ఆయన చేసినదల్లా నియమాలను మామూలు మాటల్లో రాయడం, పద్దు తప్పకుండా చూడటం, రాసినదాన్ని అందరికీ ఉచితంగా తెరిచి పెట్టడం. వార్డెను సారు రిజిస్టరు రాస్తుంటే చిన్న పని అనుకుంటాం. ఆ చిన్న పని ముప్ఫై ఏళ్లు నిజాయితీగా చేస్తే ప్రపంచం దాని మీద నిలబడింది.

మన హాస్టల్‌కు కంప్యూటర్ వస్తే దానికి తాళం వేయనివ్వకండి. అది వచ్చేదాకా, ఫోను దొరికిన రోజున 768వ ఆర్.ఎఫ్.సి. తెరిచి చూడండి. అదే పైన చెప్పిన మూడు పేజీల యు.డి.పి. ఇంగ్లీషు కష్టమనిపిస్తే ఇద్దరు ముగ్గురు కలిసి స్టడీ అవర్‌లో చదవండి. అర్థం కాని చోట గీత గీసి మాకు ఉత్తరం రాయండి, మేము జవాబు రాస్తాం. అందినట్టు జవాబు రాకపోతే మళ్లీ రాయండి. పోస్టెల్ గారి నియమం కూడా అదే కదా!

ఈ సంచికలో మన హాస్టల్ విద్యార్థుల పేర్ల పట్టిక కూడా అచ్చవుతోంది. ఆనాడు పోయిన రిజిస్టరులోని మా పేర్లను కూడా ఈసారి అందులో చేర్చాం. ఎవరి పేరయినా తప్పిపోతే తెలియజేయండి. వచ్చే సంచికలో సరిదిద్దుకుందాం.

– పాత విద్యార్థులు